డాక్టరమ్మ కారుకి వేసిన స్వే బార్

ఇది 2023 ఎండాకాలం చివర్లో జరిగిన సంగతి. పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో ఒకవైపు లేత్ షాపు, ఇంకోవైపు పౌడర్ కోటింగ్ చేసేవాళ్లు, మధ్యలో రేకుల షెడ్డు ఒకటుంది. అది నాది. వీల్ అలైన్‌మెంట్, సస్పెన్షన్ తప్ప వేరే పని ముట్టుకోను. ఇంజన్ పొగ కక్కుతోందనో, ఏసీ చల్లగా రావడం లేదనో వచ్చేవాళ్లకు పక్క సందు చూపించి పంపించేస్తాను. మా వాళ్లది గౌరిబిదనూరు దగ్గర. మెకానికల్ డిప్లొమా చదివి, కొన్నాళ్లు ఫ్యాక్టరీలో పనిచేసి, ఎవరి కిందా ఇమడలేక ఈ షెడ్డు పెట్టుకున్నాను. ఆడమనిషి కారు కింద దూరడం వింతగా ఉందని మొదట్లో జనం ఫోన్లు తీసి ఫోటోలు తీసుకునేవారు. తర్వాత నా నోటికి జడిసి మానుకున్నారు.

నాతోపాటు నంజుండప్ప ఉంటాడు. వయసులో నాకన్నా పెద్దవాడైనా అక్కా అనే పిలుస్తాడు, పనిలో నా అంతవాడు. మా ఇద్దరికీ రోజుకొక తగాదా లేకపోతే షెడ్డులో ఏదో వెలితిగా ఉంటుంది.

మా దగ్గరికి వచ్చే కార్లలో ఎక్కువ భాగం గుంతల్లో పడి వంకర తిరిగినవే. అవి కాకుండా ఆదివారం పిచ్చివాళ్ల కార్లు కొన్ని ఉంటాయి. ఆ పిచ్చి పేరు ఆటోక్రాస్. ఖాళీ మైదానంలో ప్లాస్టిక్ కోన్లు పెట్టి మెలికల దారి ఒకటి తయారుచేస్తారు. ఒక్కొక్క కారు ఒంటరిగా వెళ్లి, కోన్లు పడగొట్టకుండా, ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా తిరిగి రావాలి. కోన్ పడితే వచ్చిన సమయానికి ఇంకాస్త కలుపుతారు. పక్కన పోటీగా ఇంకో కారు ఉండదు. గెలిస్తే చప్పట్లు, మహా అయితే ఒక కప్పు. వారమంతా ఔటర్ రింగ్ రోడ్డు మీద నత్తల్లా పాకినవాళ్లు ఆ ఒక్క నిమిషం కోసం తెల్లారేసరికి దొడ్డబళ్ళాపురం వైపు బయల్దేరతారు. నేను ఎన్నిసార్లు వెక్కిరించినా, వాళ్ల కార్లంటే నాకు ముద్దే. తన కారు ఎక్కడ ఎలా ఊగుతుందో తెలిసిన మనిషితో మాట్లాడటం మా వృత్తిలో అరుదుగా దొరికే సుఖం.

డాక్టర్ శైలజ అలాంటి మనిషి. నలభై ఐదు దాటిన పళ్ల డాక్టరు. పుట్టిల్లు తెనాలి, క్లినిక్ మహదేవపురలో. ఆవిడ దగ్గర ఎర్రరంగు పాత స్పోర్ట్స్ కారు ఉంది. రెండే సీట్లు, ఇంజన్ బలం వెనక చక్రాలకు వెళ్లే రకం. చాలా ఏళ్లుగా అలైన్‌మెంట్‌కి నా దగ్గరికే తెచ్చేది. వాళ్ల క్లబ్బులో చురుగ్గా నడిపేవాళ్ల పేర్లు చెప్పమంటే అందరూ ముందుగా ఆవిడ పేరే చెప్పేవారు. ఆ సంవత్సరం ఎందుకో చెప్పడం మానేశారు.

ఒక శనివారం పొద్దున ఆవిడా, భర్త శ్రీకాంతూ వచ్చారు. కారు దిగీ దిగగానే ఆవిడ అంది, "ప్రభ గారూ, ముందు స్వే బార్ మార్చేయండి. దొరికేవాటిలో లావుది వేయండి."

"ఏమమ్మా, ఉండేదానికి ఏం రోగం?"

"కారు నాకు చెప్పకుండా జారిపోతోందండీ. ఇదివరకు మలుపులో ముందు చక్రాలు పట్టు వదిలే ముందే నాకు తెలిసేది. కాలు కొంచెం తీసేదాన్ని, సర్దుకునేది. ఇప్పుడు తెలిసేసరికి కోన్ మీద ఉంటున్నాను."

స్వే బార్ అంటే ఏమిటో చెప్పాలి. కారు ముందు భాగంలో అడుగున ఎడమ చక్రం నుంచి కుడి చక్రం దాకా వెళ్లే వంపు తిరిగిన ఉక్కు కడ్డీ అది. కారు మలుపు తిరిగినప్పుడు ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు ఆ కడ్డీ మెలిపడి, ఒరగనివ్వకుండా పట్టి ఉంచుతుంది. కడ్డీ లావైతే పట్టు గట్టిది, ఒరుగుడు తక్కువ. కోన్ల మధ్య కుడికీ ఎడమకీ గబగబా తిప్పేటప్పుడు అలాంటి కారు చెప్పినమాట చప్పున వింటుంది. అందుకే ఈ ఆట ఆడేవాళ్లు మొదట కొనేది ఇదే. కాకపోతే ఆవిడ చెప్పిన జబ్బు వేరు. ముందు చక్రాలు జారుతున్నాయంటే, ముందు బార్ గట్టి చేయడం వల్ల ఒక్కోసారి జారుడు ఇంకా పెరుగుతుంది. ఆ మాటే అన్నాను.

శ్రీకాంత్ ఫోన్ ముందుకు చాపాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. మంచివాడే, కానీ నోటికి సెలవుండదు. "లేదండీ, నేను మొత్తం చదివాను. ఈ మోడల్‌కి అందరూ ఇదే రికమెండ్ చేస్తున్నారు. బార్ చివర మూడు బెజ్జాలుంటాయట కదా, గట్టి బెజ్జంలో పెట్టేయండి. మా క్లబ్బులో అందరూ అక్కడే పెట్టుకున్నారు. ఏమంటావు శైలూ?"

ఆవిడ లేత్ షాపు వైపు చూస్తూ నిలబడింది. బదులు చెప్పలేదు. ఆయన మళ్లీ అడగలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, కాఫీ తాగొస్తానని రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. వెళ్తున్నప్పుడు ఆయన మొహం చిన్నబోయి ఉంది. మొగుడూ పెళ్లాల మధ్య ఏదో నలుగుతోంది, మనకెందుకులే అనుకున్నాను.

ఆయన వెళ్లాక ఆవిడ నా దగ్గరికి వచ్చింది. "ఇది చివరి ప్రయత్నమండీ. వచ్చే ఈవెంట్‌లో కూడా ఇలాగే నడిపితే కారు అమ్మేస్తాను. ఆయనతో ఇంకా అనలేదు."

"ఒక్క సీజన్ బాగలేకపోతే అమ్మేస్తారా ఎవరైనా?"

"పొద్దున్నించి సాయంత్రం దాకా ఎవరో ఒకరి నోట్లోకి వంగి చూడటమే నా పని. ఆదివారం ఒక్కపూట తలెత్తి దూరంగా చూస్తాను. ఆ ఒక్కపూట నా చేతుల్లో ఏదో ఉందనిపిస్తుంది. అది పోయిందని ప్రతి ఆదివారం వెళ్లి తెలుసుకోవడం నా వల్ల కావడం లేదు." ఇంతా చెప్పి నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వాదన మానేసి బార్ తెప్పిస్తానన్నాను.

బార్ వచ్చింది. పాతదానికన్నా లావు, చివర రెండువైపులా మూడేసి బెజ్జాలు. చివరి బెజ్జంలో బిగిస్తే బార్ మెత్తన, నడిమిదాంట్లో మధ్యస్తం, వంపు దగ్గరదాంట్లో గట్టి. దాన్ని కారు అడుగుకి పట్టి ఉంచే బుష్‌లు రబ్బరువి కావు, పాలీయురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్‌వి. వాటికి ప్రత్యేకమైన గ్రీజు పూయకపోతే చిన్న కుదుపుకి కూడా కీచుమంటాయి. ఆ కీచు మామూలుది కాదు, పలక మీద గోరు గీసినట్టు పళ్లు జివ్వుమంటాయి. మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. కొత్త బార్‌ని మొదట గ్రీజు లేకుండా బిగించి, వీధి చివరి దాకా నడిపి చూస్తాం. ఎక్కడైనా తగులుతోందా, రాసుకుంటోందా అన్నది పొడిగా ఉన్నప్పుడే మరకల్లో కనపడుతుంది. తర్వాత విప్పి, తుడిచి, గ్రీజు పూసి, అసలు బిగింపు బిగిస్తాం. ఇది నంజుండప్ప కనిపెట్టిన పద్ధతి. బాగుందని ఆయన ఎదుట ఎప్పుడూ అనలేదు.

బార్ వచ్చిన రోజు మధ్యాహ్నం క్లినిక్ మూసి శైలజ ఒక్కతే వచ్చింది. గట్టి బెజ్జంలో పెట్టి, పొడి బిగింపు పూర్తిచేశాం. ఆవిడని నడపమని నేను పక్కన కూర్చున్నాను. షెడ్డు గడప దాటుతుండగానే కీచుమంది. మా వీధి నిండా గుంతలు, మధ్యమధ్యలో హంపులు. గుంతకొక కీచు, హంపుకి రెండు. టీ బంకు దగ్గర నిలబడ్డవాళ్లు తలలు తిప్పి చూశారు. ఒకాయన చెవులు మూసుకున్నాడు. మామూలుగా ఏ ఓనరైనా మొదటి కీచుకే బ్రేకేసి నా మొహం చూస్తాడు. ఆవిడ హాయిగా నడుపుతోంది.

"సౌండ్ ఏమన్నా వస్తాందా అమ్మా?" అన్నాను.

నా వైపు తిరిగి, నా మూతి చూసి, "ఆఁ?" అంది. మళ్లీ అడిగాను.

"లేదే. చాలా స్మూత్‌గా ఉంది. బాగా బిగించారు."

కారు నాకు చెప్పకుండా జారిపోతోంది అన్న మాట గుర్తొచ్చింది. ముందు చక్రాలు పట్టు వదిలేముందు టైర్లు అరుస్తాయి. మొదట సన్నగా, తర్వాత గట్టిగా. ఈ ఆటలో ఎవరూ స్పీడు మీటరు చూడరు. టైర్ల అరుపు వింటూ కాలు కదుపుతారు. ఎన్నో ఏళ్లుగా ఆవిడా అదే చేసింది. టైర్లు ఇప్పటికీ అరుస్తూనే ఉన్నాయి. ఆవిడకు అందడం లేదు.

షెడ్డుకి తిరిగొచ్చాం. నేను నోటి దురుసుదాన్నని పీణ్య అంతా చెప్పుకుంటారు. ఆ పూట ఒక్క మాట పెగిలి రావడానికి నానా అవస్థ పడ్డాను. నంజుండప్ప దిగులుగా నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు, "అక్కా, అంత కీచుతా ఉంటే ఆయమ్మ ఏమీ అనలేదా?" ఆయనకూ అనుమానం వచ్చేసింది. "సుమ్నె, ఊరికే అట్ల టీకి పోయిరా అప్పా, కొంచెం నిదానంగా రా" అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయాడు.

శైలజని కారు ముందుకి పిలిచాను. ఆవిడ అరచేతిని మడ్‌గార్డు మీద ఆనించి, ఇంకోవైపు నుంచి కారుని నా బరువుతో కిందికి నొక్కి వదిలాను. షెడ్డంతా కీచుమంది. ఆవిడ చెయ్యి ఉలిక్కిపడింది.

"ఏదో జలదరిస్తోంది లోపల" అంది.

"అది అరస్తాంది తల్లీ. గట్టిగా. టీ బంకు కాడికి వినపడేంత గట్టిగా."

మళ్లీ నొక్కాను. ఈసారి ఆవిడ కళ్లు మూసుకుంది. చెయ్యి మాత్రం ఇనుముకే అతికించి ఉంచింది. మూడోసారి నొక్కమని సైగ చేసింది. ఆ తర్వాత మడ్‌గార్డు మీదికి అలాగే వంగిపోయింది. నేను దగ్గరికెళ్లి వీపు మీద చెయ్యి వేశాను. నా చేతికి గ్రీజు ఉందని, ఆవిడది తెల్ల కుర్తా అని కూడా తోచలేదు.

తర్వాత లేచి నా వైపు తిరిగింది. "ఏడాది పైనే అయిందండీ అనుమానం. ఫోన్ మోగింది తెలిసేది కాదు. కుక్కర్ విజిల్ తెలిసేది కాదు. నా పనిలో ఎలా నెట్టుకొచ్చానంటారా? పేషెంట్లు నోరు తెరుచుకుని ఉంటారు, వాళ్లేం మాట్లాడతారు? లేచాక మాట్లాడతారు. అప్పుడు వాళ్ల పెదాలు చూస్తాను. ఏళ్ల తరబడి చెవి పక్కనే డ్రిల్ తిరుగుతుంటే అలవాటైపోయిందిలే అనుకున్నాను. పరీక్ష చేయించుకోమని ఇంకొకరికైతే ఎప్పుడో చెప్పేదాన్ని." ముక్కు తుడుచుకుంది. "కానీ టైర్ల సంగతి మాత్రం నాకు తట్టనే లేదు. నా డ్రైవింగే పాడైపోయిందనుకున్నాను. వయసైపోయింది, చేతులు మొద్దుబారిపోయాయి అనుకున్నాను."

"చేతులకేం కాలేదు. నీ చేతులు చూసినాను కదా ఇప్పుడే, గుంతల్లో ఎట్ల నడిపినావో."

"ఆయనకి చెప్పకండి."

"ఎందుకు?"

"అసలే భయస్తుడు. తెలిస్తే ముందు తాళాలు తీసుకుంటాడు. తర్వాత క్లినిక్ అంటాడు. జాలిపడతాడండీ, రోజూ. అది నేను చూడలేను. కారు మీద విసుగొచ్చి అమ్మేశానని చెప్పుకుంటాను."

నేను కింద కూర్చుని, బార్‌ని చక్రానికి కలిపే లింకు నట్టు వదులు చేశాను. ఆవిడ అర్థంకాక చూసింది.

"చూడమ్మా. కారు జారేముందు మనిషికి రెండు రకాలుగా చెప్తాది. టైరు అరిచి చెప్తాది. ఒళ్లు ఒరిగి చెప్తాది. అరుపు నీకు అందడంల్యా. మిగిలింది ఒరిగేది ఒగటే. ఇప్పుడు నువ్వు అడిగినట్టు గట్టి బెజ్జంలో బిగిస్తే ఆ ఒగటి గూడా పోతాది. చెవిటి దాన్ని గుడ్డిదాన్ని గూడా చేసినట్టే. అట్లాంటి పని నేను చేయను. మెత్తగా పెట్టేదానికి దోవ ఉండాది, కానీ మైదానంలో కూర్చుని, నడిపి, తేల్చుకోవల్ల. దానికి మీ ఆయప్ప గూడా కావల్ల. నువ్వు చెప్పు, అప్పుడు నేను నట్టు బిగిస్తా."

"చెప్పకపోతే?"

"కారు ఇట్లే నిలబెట్టుకుంటా. అమ్మేదానికి గూడా ఇయ్యను."

ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. "మీకు బుద్ధి లేదండీ" అంది. "ల్యా" అన్నాను.

శ్రీకాంత్ సాయంకాలం ఆవిడని తీసుకెళ్లడానికి వచ్చాడు. వస్తూనే మొదలుపెట్టాడు. అయిందా, ఎలా ఉంది, గట్టి బెజ్జమేనా, బిల్లు ఎంత. ఆవిడ ఆయనకెదురుగా వచ్చి నిలబడింది. నేనూ నంజుండప్పా చెరొక స్పానరు పట్టుకుని, ఏ పనీ లేని చోట పని చేస్తున్నట్టు నటించాం.

"శ్రీకాంత్, నాకు సరిగ్గా వినపడటం లేదు. చాలా రోజులైంది. టైర్ల చప్పుడు వినపడక కోన్లు పడగొడుతున్నాను. కారు తప్పు కాదు."

ఆయన గోడ వారన పాత టైర్లు దొంతరగా ఉంటే వాటిమీద కూర్చుండిపోయాడు. నేను అనుకున్నది, తాళాల మాట వస్తుందని. ఆవిడా అదే అనుకుని సిద్ధంగా ఉంది. చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి నిలబడింది.

"వంటింట్లోంచి పిలుస్తాను, పలకవు" అన్నాడాయన. "కారులో ఏదో చెబుతాను, అటు తిరిగి కూర్చుంటావు. మొన్న ఇక్కడే అడిగాను, లేత్ షాపు చూస్తూ నిలబడ్డావు. నీకు నా మీద విసుగొచ్చేసిందేమో అనుకున్నాను శైలూ. ఏడాది నుంచీ అదే అనుకుంటున్నాను. ఎక్కువ వాగుతాను కదా. ఈ మధ్య తగ్గించుకుందామని కూడా చూశాను."

ఆవిడ కట్టుకున్న చేతులు విడిపోయాయి. వెళ్లి ఆయన పక్కన ఆ టైర్ల మీదే కూర్చుంది. "తగ్గించావా? ఎప్పుడు?" అంది. ఆయన ఏడుపూ నవ్వూ కలిసిపోయిన మొహంతో తల అడ్డంగా ఊపాడు. నంజుండప్ప స్పానరు కింద పెట్టి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ పెరటి వైపు వెళ్లాడు. నాకూ కళ్లు తడిశాయి కానీ ఒకరైనా షెడ్డులో ఉండాలి కదా.

"కారు అమ్మను" అంది ఆవిడ కాసేపటికి.

"ఎవరు అమ్మమన్నారు?" అన్నాడు.

ఆ నెలలో జరగాల్సిన ఈవెంట్ వానల వల్ల వాయిదా పడింది. ఈలోగా ఇద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్లొచ్చారు. రెండు చెవుల్లోనూ సన్నటి శబ్దాలు వినే శక్తి బాగా పోయిందట. డ్రిల్ వల్ల వచ్చిందా, వాళ్ల అమ్మగారి వైపు నుంచి వచ్చిందా అంటే గట్టిగా చెప్పలేమన్నారట. చెవి మిషన్లు పెట్టుకుంటే మాటలు స్పష్టంగా అందుతాయని ఇచ్చారు. క్లబ్బువాళ్లకు ఆవిడే చెప్పింది. కారు ఆపమనడానికి వాళ్లు వాడేది ఎర్రజెండా, విజిల్ కాదు. అందుకని డాక్టరు కాగితం చూసి సరేనన్నారు. చిక్కు వేరే చోట వచ్చింది. హెల్మెట్ పెట్టుకుంటే మిషన్లు చెవికి నొక్కుకుని ఈలవేస్తున్నాయి. నడిపేటప్పుడు వాటిని తీసేయక తప్పదు. అంటే టైర్ల అరుపు ఇక ఎప్పటికీ లేనట్టే.

ప్రాక్టీసుకి మైదానం తెరిచిన రోజు నేను షెడ్డు నంజుండప్పకి అప్పగించి వెళ్లాను. శ్రీకాంత్ కోన్లు పెట్టాడు. నేను డ్రైవింగ్ సీట్లో కూర్చుని, శైలజని పక్క సీట్లో కూర్చోబెట్టాను. హెల్మెట్ పెట్టుకుని కళ్లు మూసుకోమన్నాను. ముందు చక్రాలు జారడం మొదలైందని ఒంటికి తెలిసిన క్షణాన డాష్‌బోర్డు మీద కొట్టమన్నాను.

మొదట గట్టి బెజ్జం. కారు పలకలా నిటారుగా తిరిగింది. టైర్లు మొదట సన్నగా, తర్వాత గొంతు చించుకుని అరిచాయి. కోన్ ఒకటి ఎగిరి పడ్డాక ఆవిడ డాష్‌బోర్డు మీద కొట్టింది. నడిమి బెజ్జంలో అరుపు పెరిగాక కొట్టింది. దిగి, కిందికి దూరి, చివరి బెజ్జానికి మార్చాను. మట్టిలో పడుకుని లేస్తే నా వీపంతా ఎర్రమన్ను. శ్రీకాంత్ "మరి క్లబ్బులో అందరూ..." అని మొదలుపెట్టి, తనే ఆగిపోయి, నాకు నీళ్ల సీసా అందించాడు.

చివరి బెజ్జంలో కూడా ఆ బార్ పాతదానికన్నా గట్టిదే. కారు కోన్ల మధ్య చురుగ్గానే తిరుగుతోంది. కానీ పెద్ద మలుపులో ఒళ్లు కొంచెం ఒరగనిస్తోంది. టైరు మొదటి సన్నటి కూత పెట్టిందో లేదో డాష్‌బోర్డు మీద చెయ్యి పడింది. తర్వాతి మలుపులోనూ అంతే. ఇంకో మలుపులో నా చెవికి ఏమీ అందకముందే కొట్టింది. ఉత్తినే కొట్టిందేమో అనుకునేలోపు చక్రాలు జారాయి.

కారు ఆపాను. "ఎట్ల తెలస్తాంది?" అని మొహం చూపించి అడిగాను.

ఆవిడ హెల్మెట్ తీసి, నడుము పక్కన చెయ్యి పెట్టుకుని చూపించింది. "ఇక్కడ మొదలవుతుందండీ. కారు ఒరుగుతూ ఒరుగుతూ వెళ్తుంది. ఒకచోట ఇంక ఒరగడం ఆగిపోతుంది. అక్కడి నుంచే జారుడు. ఇన్నేళ్లూ ఇది ఉందని కూడా నాకు తెలియదు. చెవుల్ని నమ్ముకుని దీన్ని పట్టించుకోలేదు." ఆ మొహంలో నేను చూసిన సంతోషం పళ్లు పీకే డాక్టరుది కాదు, పరీక్ష పాసైన చిన్నపిల్లది. లింకులు అక్కడే ఆ చివరి బెజ్జంలోనే బిగించాను. ఈసారి నిండుగా, బలమంతా పెట్టి బిగించాను.

ఈవెంట్ ఆదివారం నాకు సెలవు. బట్టలు ఉతుక్కునే రోజు. అయినా వెళ్లాను. మబ్బుగా, చల్లగా ఉంది. వరసలో ఆవిడ వంతు వచ్చేముందు శ్రీకాంత్ కారు కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ ఒక చెవి మిషను తీసింది, తర్వాత రెండోది. రెండిటినీ ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన గుప్పిట మూశాడు. ఆవిడ హెల్మెట్ పెట్టుకుంది. అంత మాటకారీ, ఆవిడకిక తన మాట అందదని తెలిసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెనక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. జెండా ఊపారు.

కారు నడిపిన తీరు చూస్తుంటే నాకు ఒక సంగతి బోధపడింది. అంతవరకూ నా దృష్టిలో కారు ఒరగడం ఒక లోపం. దాన్ని ఎంత తగ్గిస్తే అంత మంచి మెకానిక్‌ని. ఆ లోపాన్నే ఆనుకుని ఒక మనిషి దారి చూసుకుంటుందని నా చదువులో లేదు, అనుభవంలోనూ అంతకుముందు తగల్లేదు. ఇప్పుడు ఎవరొచ్చి ఏది గట్టి చేయమన్నా, ఏది తీసేయమన్నా, ముందు వాళ్ల పక్కన కూర్చుని వీధి చివరి దాకా వెళ్లొస్తాను. నువ్వు కారు సంగతి దేనితో కనిపెడతావు అని అడుగుతాను. చాలామందికి ప్రశ్న అర్థం కాదు. వాళ్లకి అర్థమయ్యేదాకా నేను స్పానరు పట్టుకోను.

పెద్ద మలుపులో ఎర్రకారు ఒరిగింది, ఒరిగింది, ఆవిడ కాలు సరిగ్గా అక్కడే తీసింది. టైర్లు సన్నగా కూసి ఊరుకున్నాయి. కోన్లు నిలబడే ఉన్నాయి. చివర్లో తొందరపడి ఒకదాన్ని మాత్రం పడగొట్టింది. కప్పు ఎవరో కుర్రాడికి వెళ్లింది. ఆవిడ కారు దిగి, చెమటతో తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంటూ మా వైపు నడిచి వచ్చింది.

శ్రీకాంత్ గుప్పిట తెరిచాడు. అంతసేపూ ఎంత గట్టిగా పట్టుకున్నాడో, అరచేతిలో వాటి అచ్చులు పడి ఉన్నాయి. ఆవిడ వాటిని ఒక్కొక్కటే తీసి చెవులకు పెట్టుకునేదాకా ఆగాడు. అప్పుడు ఆవిడ వైపు వంగి, మైదానంలో అందరూ అరుచుకుంటున్న ఆ గోలలో, మామూలు గొంతుతో ఏదో అన్నాడు. ఏమన్నాడో పక్కనే ఉన్న నాకు వినపడలేదు. ఆవిడకి వినపడింది.